ఎత్తి పోసిన నీళ్ళు

నీళ్ళ విషయంలో మన ఇళ్ళల్లో ఉండే పట్టింపులు బంగారం విషయంలో కూడా ఉండవేమో! మడినీళ్ళు వేరు, వాడుకనీళ్ళు వేరు. దేవుడి బిందె మీద చెయ్యేస్తే మా అమ్మమ్మ వేసే కేకకి పెరట్లో కాకులు కూడా లేచిపోయేవి. మీ ఇంట్లోనూ అంతేగా? అందుకే ఈ సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

అమ్మమ్మగారి ఊరు పాలకొల్లు దగ్గర, కాలవ గట్టునే. వేసవిలో కాలవలు కట్టేసేవారు. చెరువు అడుగంటేది. అప్పుడు పేటలో వాళ్ళు మా మంచినీళ్ళ నూతి దగ్గరికి వచ్చేవారు. వచ్చేవారంటే గట్టెక్కి తోడుకోవడం కాదు. కొబ్బరిచెట్టు కింద బిందెలు దింపుకుని, ఇంట్లోంచి ఎవరైనా వచ్చి తోడి పోసేదాకా నిలబడేవారు.

మా దొడ్లో పేడ తీసి పిడకలు చేసే మనిషి ఒకావిడ ఉండేది. పాతికేళ్ళుంటాయేమో. దాహమేస్తే దోసిలి పట్టి నిలబడేది. పొయ్యడం నా వంతు. చేద ఎత్తి పట్టుకుని పొయ్యాలనీ, చుక్క చింది మన మీద పడకూడదనీ అమ్మమ్మ నేర్పింది. నాకదొక ఆట. కావాలనే ఇంకా ఎత్తు నుంచి పోసేదాన్ని. ధార దోసిలి తప్పి ఆవిడ మొహం మీద, రవిక మీద పడేది. నేను నవ్వేదాన్ని. ఆవిడా నవ్వేది. ఆవిడ ఎందుకు నవ్వేదో ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వు రావడం లేదు.

1979లో గోదావరి పుష్కరాలొచ్చాయి. నాకు పదేళ్ళు. ఇంటిల్లిపాదీ రాజమండ్రి వెళ్ళి, ముక్కు మూసుకుని మూడు మునకలు వేసి, సీసాలతో గోదావరి నీళ్ళు తెచ్చుకున్నాం. ఆ నెలలోనే ఆవిడ మా ఊరి కాలవలో బాప్తిస్మం పుచ్చుకుందని తెలిసింది. మా ఇంట్లో ఒకటే నవ్వులు. "కాలవలో మునిగితే పాపాలు పోతాయిట!" అన్నారెవరో. అన్నవారి తల ఇంకా పుష్కర స్నానంతో తడి ఆరలేదు.

ఆ కాలవలో పారేవీ గోదావరి నీళ్ళే కదా! 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేశాకే ఆ నది కాలవలై మన ఊళ్ళకి వచ్చింది. రాజమండ్రి రేవులో పుణ్యతీర్థమైనవి, పాతిక కోసులు పారి మా ఊరొచ్చేసరికి నవ్వులాటయ్యాయన్నమాట.

చాలా ఏళ్ళ తర్వాత, మా అమ్మాయి తెచ్చిన ఒక పుస్తకంలో యూదుల ఆచారాల గురించి చదువుతుంటే ఇదంతా మళ్ళీ గుర్తుకొచ్చింది. యూదులనగానే ఎక్కడో ఇజ్రాయెల్ అనుకోకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము యూదుల ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుంటూ, తెలుగు మాట్లాడుతూ, శనివారం విశ్రాంతిదినం పాటించే కుటుంబాలు ఉన్నాయి. 1990ల మొదటినుంచీ వాళ్ళకొక ప్రార్థనామందిరం కూడా ఉంది.

యూదుల్లో ఆచారం పాటించే ఆడవాళ్ళు నెలసరి అయ్యాక ఏడు రోజులు లెక్కపెట్టుకుని, రాత్రిపూట 'మిక్వే' అనే కొలనులో మునుగుతారు. పెళ్ళికి ముందు పెళ్ళికూతురు మునుగుతుంది. కొత్తగా ఆ మతంలోకి వచ్చేవారూ మునగాలి. నాలుగో రోజు తలంటు తెలిసిన మనకి ఇదేం వింత కాదు. నన్ను ఆపేసింది వేరే సంగతి. మిక్వేలో దిగేముందే ఇంట్లోనో అక్కడో శుభ్రంగా స్నానం చెయ్యాలి. గోళ్ళు తీసుకుని, జడ చిక్కు తీసుకుని, ఉంగరం దగ్గర్నుంచి అన్నీ తీసేసి, ఒళ్ళంతా కడుక్కున్నాకే మునగాలి. అంటే ఆ నీళ్ళు మురికి వదలడానికి కాదు! మైల అన్నది నీళ్ళతో పోయే బురద కాదనీ, అంతా మనసు పెట్టడంలో ఉందనీ పన్నెండో శతాబ్దంలోనే మైమొనిడీస్ అనే యూదు పండితుడు రాశాడు.

ఇంకో నియమం ఉంది. మిక్వేలో నీళ్ళు నలభై సేయాలుండాలి. అది వాళ్ళ పాతకొలత, మన లెక్కకి కొన్ని వందల లీటర్లు. అవి వానగానో ఊటగానో వాటంతటవి వచ్చి చేరాలి. ఊట అయితే మరీ మంచిది. పాత్రతో తోడి నింపితే చెల్లవు. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను. ఎత్తి పోసిన నీళ్ళు చెల్లవు! నేను చేదతో ఎత్తి పోసిన నీళ్ళే కళ్ళ ముందు కదిలాయి.

పారే నీటిని, ఊటనీటిని యూదులు 'జీవజలం' అంటారు. ఆ మాట పట్టుకునే బైబిల్లో ఒక కథ ఉంది. మిట్టమధ్యాహ్నం యాకోబు బావి దగ్గర ఏసు అలిసిపోయి కూచున్నాడు. తోడుకోవడానికి చేద లేదు. ఒక సమరయ స్త్రీ కడవతో వచ్చింది. యూదులకీ సమరయులకీ పొత్తు లేదు. వాళ్ళ పాత్ర ముట్టుకోకూడదు. అలాంటిది ఆయన దాహమిమ్మని అడిగాడు. ఆవిడకి ఆశ్చర్యం. యూదుడివై ఉండి నన్నెలా అడుగుతున్నావంది. జీవజలం సంగతి ఆయన ఆ తర్వాతే ఎత్తాడు. లోపల ఊరే ఊట ఒకటుందన్నాడు. మొదట మాత్రం చెయ్యి చాచాడు. ఉపదేశానికి ముందు దాహం అడిగాడు, అదీ ముట్టుకోకూడని చేతినుంచి.

మన డెల్టాలో ఈ కథ చెప్పినవాళ్ళలో మొదటివారు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం, పాలకొల్లుల్లో పనిచేసిన బౌడెన్, బియర్ దంపతులు. 1874లో కాకినాడలో కెనడా బాప్టిస్టులు మొదలుపెట్టారు. వీళ్ళంతా నీళ్ళలో పూర్తిగా ముంచాలంటారు. రాజమండ్రి లూథరన్లు తలమీద నీళ్ళు పోస్తే చాలంటారు, పసిబిడ్డలకైనా సరే. ముంచడమా, పొయ్యడమా అని వాళ్ళలో వాళ్ళకి వాదాలు. ముంచేవాళ్ళ భావం ఏమిటంటే, నీళ్ళలోకి వెళ్ళడం చావు, పైకి లేవడం కొత్త పుట్టుక. 1986 వరదలో గోదావరిని చూసినవాళ్ళకి నీళ్ళలో చావుందని వేరే చెప్పక్కర్లేదు.

నీళ్ళకే అంత మహిమ ఉంటే దొరికినవాళ్ళందరినీ వెంటనే ముంచెయ్యచ్చుగా? ఒంగోలు బాప్టిస్టు మిషన్లో జాన్ క్లౌ అలా చెయ్యలేదు. 1876-78 నాటి పెద్ద కరువులో బకింగ్‌హాం కాలవలో కొంత మేర తవ్వే కాంట్రాక్టు తనే తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ కరువు రోజుల్లో మాత్రం బాప్తిస్మం ఆపేశాడు. అన్నం కోసం మునిగారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఏరు అంతకుముందూ ఉంది. ఆయన చూసింది వాళ్ళ మనసు.

అంతమాత్రాన కులం కొట్టుకుపోయిందనను. బాప్తిస్మం పుచ్చుకున్నా మా ఊళ్ళో ఆవిడకి నుయ్యి తెరుచుకోలేదు. చర్చిల్లోనూ పేటలవారీగా విడిగా మిగిలిన చోట్లున్నాయి. మరి ఆ మునక వల్ల ఒరిగిందేమిటి? ఇదే ప్రశ్న మా మూడు మునకలకీ వర్తిస్తుంది. గోదావరిలో మునిగొచ్చిన మర్నాడు కూడా నేను చేద ఎత్తే పోశాను.

2015 పుష్కరాలకి వెళ్ళినప్పుడు అమ్మమ్మగారి ఊరు కూడా వెళ్ళాను. ఆవిడ ఉంది. జుట్టు నెరిసింది, పళ్ళూడాయి. మనవడు కట్టించిన డాబా ముందు కుర్చీ వేసి కూచోబెట్టింది. నువ్వు అనడానికి మనసొప్పలేదు, మీరు అనడానికి నోరు తిరగలేదు. ఎలాగో కూడగట్టుకుని, "ఆరోజు కాలవలో మునిగినప్పుడు ఏమనిపించింది?" అనడిగాను.

"సలేసిందండి బాబూ!" అని పకపకా నవ్వింది.

కాసేపాగి తనే చెప్పింది. "పాస్టరుగారు ఒక చెయ్యి నా ఈపు కిందెట్టి, ఇంకో చేత్తో నా రెండు చేతులూ పట్టుకున్నారండి. ఆరు పెద్దింటోరండి పాపగారూ. అలాంటోళ్ళెవరూ అంతకుముందు నన్ను ముట్టుకోలేదండి. నీళ్ళలోంచి లేపి నిలబెట్టేదాకా ఒదల్లేదండి. ఆయ్, అదే గుర్తండి నాకు."

మిక్వేలో ఎవరికి వారే మునుగుతారు. ఒక్క వెంట్రుకైనా పైన తేలకుండా చూడడానికి పక్కన ఒకామె ఉంటుందంతే. పుష్కరంలో మన మునక మనదే. బాప్తిస్మం మాత్రం ఎవరికి వారు ఇచ్చుకునేది కాదు, ఇంకొకరి చెయ్యి కావాలి. ఆవిడకి పాపం కడిగిన సంగతి కంటే పట్టుకున్న చెయ్యే గుర్తుండిపోయింది.

ఇక్కడితో ఆపేస్తే నేను చాలా మంచిదాన్నని మీరనుకునే ప్రమాదముంది. లేవబోతుంటే ఆవిడ కాస్త తటపటాయిస్తూ, "మంచినీళ్ళు తాగుతారా అండి?" అంది. నా నోట్లోంచి వెంటనే, "వద్దులెండి, సీసా తెచ్చుకున్నాను" అని వచ్చేసింది. ఊరి నీళ్ళు పడవేమోనన్న భయమే, మరేం కాదు, అని బస్సెక్కేదాకా నాకు నేను చెప్పుకున్నాను. బస్సు కదిలాక నమ్మలేకపోయాను. ఆవిడ అడిగింది నా కడుపు సంగతి కాదు. ముప్ఫై ఆరేళ్ళు ఆలస్యంగానైనా, ఈసారి పొయ్యడం తన వంతు అనుకుంది. దోసిలి పట్టడం నాకు చేతకాలేదు.

ఇంటికొచ్చి చూస్తే పనమ్మాయి స్టీలు గ్లాసు కిటికీలో విడిగా బోర్లించి ఉంది. అలా పెట్టమని నేనెప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. నేర్చుకున్న చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. ఆ గ్లాసు తీసి అన్నింటిలో కలిపేశాను. అదేమంత ఘనకార్యం కాదు. ఇవ్వడం తేలికే. పుచ్చుకోవడమే కష్టం.

2027లో మళ్ళీ పుష్కరాలు. రాజమండ్రిలో గది ఇప్పుడే మాట్లాడి పెట్టుకోవాలంటున్నారు ఇంట్లో. నేను మాత్రం అంతకుముందే ఒకసారి పాలకొల్లు బస్సెక్కాలి. పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి వస్తూనే ఉంటాయి గాని, ఆవిడ వయసు ఆగదు కదా. ఈసారి సంచీలో సీసా పెట్టుకోను. వెళ్ళి ఆ అరుగు మీద కూచుని, కాసిని మంచినీళ్ళిమ్మని అడగాలి.