2114లో చదివేవాళ్లకి

నార్వే రాజధాని ఓస్లోని ఆనుకుని ఉన్న నోర్ద్‌మార్కా అడవిలో 2014లో వెయ్యి స్ప్రూస్ మొక్కలు నాటారు. స్కాట్లండ్ కళాకారిణి కేటీ పాటర్సన్ ఆలోచన అది. ఏడాదికో రచయిత ఒక రాతప్రతి ఇస్తారు. దాన్ని ఎవరూ చదవకూడదు. 2114లో ఆ చెట్లతో చేసిన కాగితం మీద అన్నిటినీ అచ్చేస్తారు. దీని పేరు ఫ్యూచర్ లైబ్రరీ. మొదటి ప్రతి ఇచ్చింది మార్గరెట్ ఏట్‌వుడ్. పేరు ‘స్క్రిబ్లర్ మూన్’. అంతకుమించి మనకేమీ తెలీదు.

పాఠకుడు ఇంకా పుట్టకముందే రాయడం ఎందుకు? సమీక్ష రాదు, తిట్టు రాదు, కనీసం ఒక లైకు రాదు. ఇవన్నీ తీసేశాక కూడా రాయడానికి కారణం మిగులుతుందా?

‘ఆశ’ అని చెప్పేయొచ్చు. కానీ ఏట్‌వుడ్ రాసిన ‘ఓరిక్స్ అండ్ క్రేక్’లో మనిషే తయారుచేసిన జబ్బు దాదాపు మనుషులందర్నీ తుడిచిపెట్టేస్తుంది. భవిష్యత్తు మీద అంత అనుమానం ఉన్న మనిషి, వందేళ్ల తర్వాత చదువుతారని మొదటి ప్రతి ఎలా ఇచ్చినట్టు?

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఎస్టిమేట్ వెయ్యడం అలవాటు. రిస్కులు లెక్కేసి, ఈ పని అవుతుంది, ఇది అవదు అని చెప్తాం. ఆశని కూడా అలాగే చూస్తాం. లెక్క కుదిరితే ఆశావాది, కుదరకపోతే నిరాశావాది. వాతావరణం, యుద్ధాలు, యంత్రాలు అన్నీ కలిపి లెక్కేస్తే నాకైతే 2114 గురించి ధైర్యంగా ఏమీ చెప్పాలనిపించదు. ఏట్‌వుడ్ కూడా లెక్క కుదిరి ఇచ్చి ఉండదు. ఇవ్వడానికి ఆ లెక్క అక్కర్లేదు, అంతే.

2019లో కొరియా రచయిత్రి హాన్ కాంగ్ తన ప్రతిని తెల్లబట్టలో చుట్టి ఇచ్చింది. వాళ్ల ఆచారంలో పసిబిడ్డకి తొడిగేదీ తెల్లబట్టే, చావు ఇంట్లో కట్టుకునేదీ తెల్లబట్టే. రెండిట్లో ఏది జరిగినా ఆ బట్ట సరిపోతుంది. ఆశ గురించి ఇంతకంటే నిజాయితీగా ఎవరు చెప్పగలరు?

అయినా ఒక అభ్యంతరం నన్ను వదల్లేదు. రేపటి మనుషుల్ని ప్రేమించడం చాలా తేలిక. వాళ్లు మనతో వాదించరు, అప్పు అడగరు, అర్ధరాత్రి ఫోన్ చెయ్యరు. వందేళ్ల తర్వాతి వాళ్లకి రాయడం పక్కింటి వాళ్లనుంచి తప్పించుకోవడం కాదని ఏంటి నమ్మకం?

జవాబు మన దగ్గరే దొరికింది, తిరుమలలో. అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు రెండు వేలకు పైగా శతాబ్దాల పాటు గుళ్లో ఒక చిన్న రాతిగదిలో ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో బయటికొచ్చాయి. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది, స్వరం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి పండితులు ఆ పాఠాలు విప్పి పరిష్కరించారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఎన్నో పాటలకి బాణీలు కట్టారు. చెక్కించిన వాళ్లకి వీళ్లెవరో తెలీదు. కానీ పాట మళ్లీ వినిపించడానికి రాగి గట్టిదనం ఒక్కటే సరిపోలేదు. మధ్యలో తరం తర్వాత తరం తెలుగు నేర్పబట్టి, నేర్చుకోబట్టి, చివర్లో ఆ రేకు చేతికొచ్చిన మనిషి దాన్ని చదవగలిగాడు. వాళ్లలో ఎక్కువమంది ఆ రేకుల సంగతి విని కూడా ఉండరు.

అంటే భవిష్యత్తు మీద ఆశ నిలబడేది ఇవాళ పక్కనున్న వాళ్లకి చేసే పనిమీదే. ఓస్లోలోనూ అంతే. ఆ చెట్లు వాటంతటవే వందేళ్లు ఉండవు. ఎవరో ఒకరు ఏటా కాపలా కాయాలి. ప్రతులు ఉన్న గదికి ఎవరో తాళం వెయ్యాలి, తియ్యాలి.

మా అమ్మాయికి ఏడేళ్లు. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవడం రాదు. బళ్లో తెలుగు లేదు. నేను రాత్రి పదకొండుకి కూర్చుని ఇలాంటి వ్యాసాలు రాస్తాను. 2114 సంగతి అటుంచి, ఇంకో పదేళ్లకి వీటిని నా ఇంట్లోనే ఎవరూ చదవలేకపోవచ్చు. అందుకే ఈమధ్య ఆదివారం పొద్దున్నే ఇద్దరం పలక ముందేసుకుని కూర్చుంటున్నాం. గుణింతాల్లో ‘కౌ’ దాకా వచ్చాం. వ్యాసం రాయడం కంటే ఇదే కష్టంగా ఉంది. తనకి ఇంకా కష్టంగా ఉంది.