కలముల కూర్పు – అపరిగ్రహము

అవసరమునకు మించిన వస్తువును కలిగియుండుట ధర్మమా యను ప్రశ్న మనదేశమున మిక్కిలి ప్రాచీనమైనది. పతంజలి తన యోగసూత్రములలో యమములైదింట అపరిగ్రహమును కడపట చేర్చెను. గాంధీమహాత్ముడు దానిని ఆశ్రమవ్రతములలో నొకటిగా నిలిపెను. భూములు, బంగారము, ధాన్యపుపాతరలు మొదలగువాని యెడ నీ ప్రశ్నకు సమాధానము చెప్పుట కష్టము కాదు. కాని చదువుకొన్నవారు దోషముగా నెన్నడును దలపని పరిగ్రహములు కొన్ని గలవు. పాత ఫౌంటెన్ పెన్నులను, అందును ప్రత్యేకించి చిన్నవానిని, వెదకి కూర్చుకొనుట యట్టిది. లోకము మెచ్చుకొను వేడుక కావుననే దీనిని పరీక్షింపవలసియున్నది.

చిన్నకలమనగా ఆటవస్తువు కాదు. 1884లో లూయీ వాటర్మన్ అను అమెరికాదేశీయుడు సిరా సమముగా దిగు నేర్పాటునకు పేటెంటు పొందిన పిమ్మట ఈ కలముల వ్యాపారము విస్తరిల్లెను. ఆ కంపెనీవారు తమ 52వ సంఖ్య కలమును సన్నముగాను పొట్టిగాను జేసి, వెయిస్టుకోటు జేబునకు సరిపడునట్లు 52½వి యను పేర నమ్మిరి. పార్కరు కంపెనీవారు 1921లో వెలువరించిన డ్యూఫోల్డు కలమునకు క్రమముగా సీనియరు, జూనియరు, లేడీ యను కొలతలేర్పడినవి. స్త్రీల కలములు పెక్కింటికి మూతపై నొక యుంగరమును బిగించి, గొలుసున వ్రేలాడదీసికొనుటకు వీలుకల్పించిరి. పెద్దకలము పురుషునిది, చిన్నది స్త్రీది యను నీ విభజనకు చేతికొలత కొంతవఱకే కారణము. స్త్రీ వ్రాయవలసినది స్వల్పమను తలంపు తక్కిన కారణమని తోచుచున్నది. పాళీలోని బంగారము రెంటికిని ఒక్కటియే, పనితనము నొక్కటియే. ఐనను నేటికిని కొనువారిలో పెక్కురు పెద్దవానికై పోటీపడుదురు. ఉపాధ్యాయుని జీతమునకు చిన్నవియే అందును.

కలమును ఎట్లు స్వీకరింపవలెనో తెలుపు నిదర్శన మొకటి మన తెలుగుదేశమునందే గలదు. రాజమహేంద్రవరమున కె.వి. రత్నముగారు 1932లో ఫౌంటెన్ పెన్నుల తయారీ నారంభించిరి. గంధకముతో గట్టిపఱచిన రబ్బరును, అనగా ఎబొనైటును, తరిణెపట్టి మలచిన స్వదేశీకలములు ఆయన పేరును నిలిపినవి. అట్టి దొకటి కుమారప్పగారి ద్వారా చేరగా, 1935 జూలైలో గాంధీమహాత్ముడు రత్నముగారికి కృతజ్ఞత తెలుపుచు లేఖ వ్రాసెను. బాజారులోని విదేశీకలములకు బదులుగా నిది తగినట్లున్నదని చెప్పుటకు ముందు, తాను దానిని వాడితినని ఆయన తెలిపెను. మన విచారణకు ముఖ్యమైనది ఈ చిన్నమాటయే. అపరిగ్రహవ్రతుడు కానుకను త్రోసివేయలేదు. అలమారులో నలంకారముగా నుంచలేదు. పనిలో బెట్టి, తరువాత తీర్పు చెప్పెను. మద్రాసులో నటేశనుగారి చిన్నకుమారు డిచ్చిన పెన్సిలుతునక కానరాకున్నప్పుడు, కాకా కాలేల్కరు తన పెన్సిలు నీయబోయినను పుచ్చుకొనక, ఆయన దానికై వెదకిన సంగతియు ప్రసిద్ధమే. కావున అపరిగ్రహమనగా వస్తువులయెడ నిరసన కాదు. వానిని పనికిని ప్రేమకును దూరము చేయకుండుట.

మా అనంతపురము వానలు తక్కువైన సీమ. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కురియును. అందువలననే మా పూర్వులు చెరువులు కట్టిరి. చెరువు కట్టినవానిని లోభియని యెవ్వరు ననరు. ఏలయన చెరువునకు తూము గలదు. నీటిని నిలుపుట పారించుటకే. తూము పూడిన చెరువు నిండియున్నను క్రింది పొలము బీడే. వస్తువులను కూర్చువాని విషయమునను అడుగవలసిన దిదియే: నీ చెరువునకు తూము గలదా?

దీనికి కూర్చువారు చెప్పు సమాధానము, వాడినచో పాతవస్తువు చెడునని. ఇందు సత్యము కొంతయే. సిరా నింపు రబ్బరుసంచి వాడకున్నను కాలక్రమమున గట్టిపడి పగులును. కడుగక విడిచిన సిరా లోపల నెండి దారిని మూయును. ఎబొనైటు వెలుతురువలనను తడివలనను నలుపు తఱిగి గోధుమవన్నె కెక్కును. వానిని చల్లనినీట కడిగి, తుడిచి, వెలుతురు సోకకుండ నుంచి, నడుమనడుమ వ్రాయుచుండువాడే నిజముగా కాపాడువాడు. కాపాడుట వేఱు, దాచుట వేఱు.

ఇంతకంటె బరువైన ఆక్షేపణ యొకటి గలదు. వేరుసెనగ పంట యెండి, తల్లిదండ్రులు కూలికై బెంగుళూరునకు వలసపోగా, అవ్వ యొద్ద నుండి బడికి వచ్చు పిల్లలు మా తరగతులలో గలరు. ఒక్క కలముతో నిద్దఱు వ్రాసికొను చోట బంగారుపాళీలను లెక్కించుకొను నుపాధ్యాయుని కేమి సమాధానము గలదు? వాడుచున్నాననుట చాలదు. ఒక్కచేతితో ఇరువది కలములు వాడుచున్నాననువాడు తన్ను తానే మోసగించుకొనుచున్నాడు.

కావున కొలత యొకటి యుండవలెను. మా యెండ దాని నేర్పఱచుచున్నది. మే నెలలో మూత బిగించిన కలమునందును, ముట్టకుండినచో, సిరా చిక్కబడి కడకు నెండిపోవును. చిన్నకలమున పట్టునదే కొంచెము గనుక అది మఱింత త్వరపడును. ఎన్నింట సిరా యెండకుండ వ్రాయగలనో అన్నియే నావి. నాకు నాలుగు మించవు. తక్కినవానిని బాగుచేసి, వ్రాయువారి కిచ్చుట నేను పాటించు నియమము. మఱియొకని అలమారులోనికి పంపుట దానము కాదు. పండ్రెండేండ్ల బాలిక చేతికి చిన్నకలము చక్కగా నమరును.

పిల్లల చేతిలో విఱిగిపోవునే యని మిత్రులందురు. విఱుగవచ్చును. కాని చెడని వస్తువులను మాత్రమే చేతికిచ్చి, జాగ్రత్త నేర్చుకొమ్మనుట యెట్లు? మంచి వస్తువును నమ్మి యిచ్చినప్పుడే దానిని కాపాడు బుద్ధి పుట్టును. ఆ బుద్ధి యొక్కరికి పుట్టినను, పోయిన కలమునకు వెల ముట్టినట్లే.