పాత వీధి ఎవరి సొత్తు?

పాత వీధి కూలిపోతుంటే ఏడ్చే హక్కు ఎవరికి ఎక్కువుందంటారు? అందులో పుట్టి పెరిగినవాళ్ళకా, పండక్కో పబ్బానికో వచ్చి చూసి మురిసిపోయి, తిరిగి తమ సొంత బాత్‌రూమున్న ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళకా? బొంబాయి వెళ్ళినప్పుడల్లా (ముంబయి అనాలిట, నా నోటికి అలవాటు కాలేదు) ఈ ప్రశ్న నన్ను పట్టుకుని వదలదు.

పరేల్, లాల్‌బాగ్, వర్లీ - ఈ ప్రాంతమంతా ఒకప్పుడు 'గిరణ్‌గావ్', అంటే మిల్లుల ఊరు. మగ్గాల మీద కూడు పుట్టక కరీంనగర్, నల్గొండ వైపు నుంచి మన పద్మశాలీలు ఎంతోమంది రైలెక్కి వచ్చి ఈ మిల్లుల్లోనే చేరారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది పని మానేశారు. అది ముగిసిందని ఎవరూ ప్రకటించనే లేదు. మిల్లులే ఒకటొకటిగా ముగిసిపోయాయి.

ఆ తర్వాత స్థలాల సంగతి వచ్చింది. 1991 నిబంధన ప్రకారం మిల్లు భూమిని మూడు వాటాలు వేయాలి: ఒకటి ఊరికి పార్కులూ మైదానాలకి, ఒకటి ప్రభుత్వం కట్టించే ఇళ్ళకి, ఒకటి యజమానికి. వినడానికి ఎంత బావుందో చూడండి. 2001లో దాన్ని కాస్త సవరించారు. షెడ్లున్న నేల కాక, ఖాళీగా ఉన్నదాన్నే పంచితే చాలన్నారు. మామగారు పొలమంతా ముగ్గురికీ సమానమేనని చెప్పి, తీరా పంపకాల రోజున, బావీ చెట్లూ ఉన్న చోటు పెద్దవాడిదే, మిగిలిన చెలక మాత్రం పంచుకోండన్నట్టుంది! 2006లో సుప్రీంకోర్టూ సరేనంది. ఇక అద్దాల మేడలు లేవడానికి అడ్డేముంది? ఒక మాల్‌లో పాత మిల్లు పొగగొట్టాన్ని మాత్రం అలాగే ఉంచారు, బొమ్మల కొలువులో తాతగారి కాలంనాటి బొమ్మలా.

వర్లీలో 1920లలో కట్టిన బి.డి.డి. చాల్స్‌లో నాకు తెలిసిన కుటుంబం ఒకటుంది. నూట అరవై చదరపు అడుగుల గది. అంతస్తు పొడుగునా నడవా, అందరికీ కలిపి మరుగుదొడ్లు. కెమెరా పట్టుకొచ్చిన కుర్రాడొకడు, "ఎంత కలిసికట్టు జీవితం! ఇది పోకూడదు" అన్నాట్ట. ఆ ఇంటి పెద్దావిడ ఊరుకోలేదు. "పొద్దుగాల నాలుగ్గొట్టంగ డబ్బ పట్టుకొని లైన్ల నిలబడ్డది నువ్వా, నేనా బిడ్డా? నీకంత ముద్దయితే నువ్వే ఉండు" అందిట.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పాత ఇళ్ళ అందం గురించి రాసినవాళ్ళలో బిందెలు మోసినవాళ్ళు ఎందరు? నెలసరి రోజుల్లో, పురిటి రోజుల్లో ఆ నడవాలో ఆడవాళ్ళు పడ్డ అవస్థ ఏ ఫొటోలోనైనా కనబడుతుందా? 2025 ఆగస్టులో, కొత్తగా లేచిన బహుళ అంతస్తుల భవనాల్లో మొదటి విడతగా 556 కుటుంబాలకు తాళాలిచ్చారు. ఒక్కొక్కరికీ ఐదువందల చదరపు అడుగులు, పైసా తీసుకోకుండా. గొళ్ళెం పెట్టుకునే స్నానాలగది కోసం ఒక వీధి చరిత్ర పోతే పోనీ అనే ఆడదాన్ని నేను తప్పు పట్టలేను. మీరు పట్టగలరా?

నా పేచీ మేడలతో కాదు, లెక్కతో. లెక్కలో గది ఉన్నవాడున్నాడు. మెట్ల కింద ఇస్త్రీపెట్టె పెట్టుకున్నవాడూ, మలుపులో పూలమ్ముకునే ఆవిడా ఏ జాబితాలోకి వస్తారు? ఖానావళుల సంగతి చూడండి. ఊళ్ళో పెళ్ళాంబిడ్డల్ని వదిలి వచ్చిన మిల్లు కార్మికులకి ఇక్కడి ఆడవాళ్ళు తమ గదుల్లోనే వండి పెట్టి నెలకింతని తీసుకునేవారు. కార్మికుడి జీతం ఆగితే వాళ్ళ పొయ్యీ ఆగేది, వడ్డీవ్యాపారి మాత్రం ఆగడు. అలాంటివాళ్ళకి బ్యాంకు అప్పులిప్పించడానికే 1975లో ప్రేమా పురవ్ అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టారు. మిల్లు పోతే యజమానికి స్థలం మిగిలింది, కార్మికుడికి కనీసం బకాయిల కోసం దావా వేసే దారైనా మిగిలింది. ఖానావళి ఆవిడకి? ఆమె చేసిన పనికి రిజిస్టరే లేదు కదా, పోయిందని ఎవరు రాసుకుంటారు!

ఇంటికి బదులు ఇల్లు ఇవ్వొచ్చు. వీధి ఇచ్చిన బతుకుతెరువుకి బదులేమిటో ఏ ప్లానులోనూ గీయలేదు. పార్కూ, లిఫ్టూ, కార్లు పెట్టుకునే చోటూ మాత్రం ముచ్చటగా గీశారు.

ఆ పెద్దావిడకి కొత్త ఇల్లు వచ్చింది. స్నానాలగదికి రోజూ తనే నీళ్ళు కొట్టి కడుగుతుందిట, కోడల్ని కూడా ముట్టుకోనివ్వదు. పొద్దున లేవగానే వీధి తలుపు మాత్రం బార్లా తీసి కూర్చుంటుంది. లిఫ్టు దిగిన పొరుగువాళ్ళు, పాపం ముసలావిడ మరిచిపోయిందనుకుని, దగ్గరగా వేసేసి పోతున్నారట.