తెలియకపోతే తప్పు కాదా?

ఈ మధ్య వరసగా మూడు పుస్తకాలు చదివాను. లోయిస్ లౌరీ ‘ది గివర్’ (1993), ఉర్సులా లెగ్విన్ ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968), పాట్రిక్ నెస్ ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’ (2011). షాపుల్లో పిల్లల అరలోనో, టీనేజీ అరలోనో ఉండేవే. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. కానీ మూడోది మూసేసరికి, మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయనిపించింది: తప్పు ఎక్కడుంటుంది? చేతిలోనా, తెలివిడిలోనా, మనసులోనా? (ముగింపులు చెప్పకుండా ఈ సంగతి మాట్లాడలేను. ముందే తెలియకూడదనుకునేవారు ఇక్కడ ఆగిపోవచ్చు.)

‘ది గివర్’లోని ఊళ్ళో ఆకలి లేదు, గొడవల్లేవు. బాధాకరమైన పాత జ్ఞాపకాలన్నీ ఒక్క మనిషికి అప్పగించి మిగతావాళ్ళు హాయిగా ఉంటారు. జోనస్ తండ్రి పసిపిల్లల్ని సాకే ఉద్యోగి, మెత్తటి మనిషి. ఒకే పోలికతో కవలలు పుడితే బరువు తక్కువున్న బిడ్డని ‘విడుదల’ చెయ్యడం ఆయన పనిలో భాగం. అదేమిటో జోనస్ రికార్డింగులో చూస్తాడు: సూది, కదలని బిడ్డ, ముద్దుగా టాటా చెప్తున్న నాన్న.

నన్ను కలవరపెట్టింది సూది కన్నా ఆ టాటా. ఆయనలో క్రూరత్వం వెతికినా దొరకదు. చావంటే ఏమిటో ఆయనకి తెలియకుండా ఊరే కట్టడి చేసింది. మరి ఆయన హంతకుడా? తెలిసి ముట్టుకున్నా తెలియక ముట్టుకున్నా నిప్పు కాలుతుందంటారు. ఇక్కడ కాలింది ముట్టుకున్నవాడి చెయ్యి కాదు కదా! ఆయన్ని నేరస్తుడనడానికి నాకు నోరు రాదు, నిర్దోషి అనడానికీ రాదు. తెలియకపోవడం ఒకటి, తెలుసుకోనక్కర్లేని ఏర్పాటులో సుఖంగా బతకడం ఇంకొకటి. మన వీధి మ్యాన్‌హోల్లోకి ఎవరు దిగుతున్నారో, మన చొక్కా ఎవరు ఏ గదిలో కూర్చుని కుట్టారో మనం అడగం. జోనస్ తండ్రికి అడగాలనే తోచదు. మనకి తోస్తుంది, అయినా ఊరుకుంటాం.

ఎర్త్‌సీలో గెడ్‌ది వేరే కథ. తోటి విద్యార్థి మీద పంతంతో, కూడదని తెలిసే, చనిపోయినామె ఆత్మని పిలుస్తాడు. చీలికలోంచి ఒక నీడ దూకుతుంది. ఆ చీలికని మూయడంలో బడి పెద్ద ప్రాణమే పోతుంది. గెడ్ చాలాకాలం పారిపోయి, తర్వాత తానే వెంటాడి, ఆ నీడని తన సొంత పేరుతో పిలుస్తాడు. ఆ ఒప్పుకోలు గెడ్‌ని బాగుచేసింది. పోయినాయన మాత్రం తిరిగి రాలేదు. పశ్చాత్తాపం ఎంత గొప్పదైనా అది చేసినవాడికే మందు.

మూడో పుస్తకంలో కానర్‌కి 13 ఏళ్ళు. తల్లికి జబ్బు. రాత్రి 12:07కి చెట్టు రాక్షసరూపంలో వచ్చి మూడు కథలు చెప్పి, నాలుగోది నువ్వే చెప్పాలంటుంది. వాడు దాచుకున్న నాలుగో కథ ఇదీ: ఇదంతా అయిపోతే బాగుణ్ణని లోపలెక్కడో అనుకున్నాడు. ఈ పుస్తకం ఆలోచన షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. 2007లో ఆవిడ క్యాన్సర్‌తో పోయాక నెస్ రాశాడు.

మంచం పట్టిన మనిషిని నెలల తరబడి చూసుకున్న ఇళ్ళకి కానర్ కొత్తవాడు కాదు. పోయాక పరామర్శకొచ్చినవాళ్ళు “పోన్లెండి, విముక్తి కలిగింది” అంటారు. అదే మాట ముందురోజు ఇంట్లోవాళ్ళు పైకంటే మహాపాపం. ఒక్క రాత్రిలో పాపం ఓదార్పు ఎలా అయింది? చెట్టు తేల్చేది ఒక్కటే: అనుకున్నది కాదు, చేసిందే లెక్క. కానర్ చేసింది తల్లి చెయ్యి పట్టుకుని ఉండటం.

కానీ చేతని బట్టి తూస్తే జోనస్ తండ్రి దొరికిపోతాడు. మనసుని బట్టి తూస్తే కానర్ దొరికిపోతాడు. ఇద్దరికీ సరిపోయే తక్కెడ నాకు దొరకలేదు. నాకు తోచిందల్లా ఇంతే: మన చెయ్యి ఏం చేస్తోందో చూడటం బాధ్యత. మనసులో ఏం మెదిలిందో దానికి శిక్ష వేసుకోనక్కర్లేదు, ఎవరితోనైనా చెప్పుకోగలిగితే చాలు.

ఇంట్లో జబ్బుమనిషి ఉన్న పిల్లవాడికి మూడో పుస్తకం ఇవ్వచ్చా అని ఒకరు అడిగారు. ఇవ్వండన్నాను. వాడు ఆ మాట ఇప్పటికే అనుకుని ఉంటాడు. ఇంకొకడు కూడా అనుకున్నాడని వాడికి తెలియాలి.