తమ్ముని కోసం ఏడిస్తే విశ్వాసం తగ్గినట్లా?

కొంతకాలం క్రితం మా విచారణలో ఒక యువకుడు చనిపోయాడు. అతని అన్న సమాధి దగ్గర కంట తడి పెట్టలేదు. పెట్టె మోశాడు, వచ్చిన బంధువుల భోజనాలు చూశాడు, నలభయ్యో దినం పూజకు ఏర్పాట్లన్నీ తానే చేశాడు. “ఎంత విశ్వాసమో చూడండి, ఒక్క చుక్క రాల్చలేదు” అని పెద్దలు మెచ్చుకున్నారు. తర్వాత ఒకరోజు అతను నా దగ్గరకు వచ్చి అన్న మాట వేరు. “అది విశ్వాసం కాదు మాస్టారూ. ఏడిస్తే దేవుని మీద నమ్మకం లేదనుకుంటారని భయపడ్డాను. ఇప్పుడు ఏడుద్దామన్నా రావడం లేదు” అన్నాడు.

ఆ మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ప్రియ పాఠకులారా, మీలో చాలామందికి ఇదే ప్రశ్న వచ్చి ఉంటుంది. పునరుత్థానాన్ని నమ్మేవాడు మరణానికి ఏడవవచ్చునా?

ఆ రోజుల్లోనే మా మనవడు చదువుతున్న ఒక బొమ్మల కథ నా చేతికి వచ్చింది. పేరు ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’. హిరోము అరకావా అనే జపాను రచయిత్రి 2001 నుంచి 2010 వరకు ఒక మాసపత్రికలో గీసిన కథ అది. పిల్లల కాలక్షేపమని పక్కన పెట్టబోయి చదివాను. ఎడ్వర్డ్, ఆల్ఫోన్స్ అనే అన్నదమ్ములకు చిన్నతనంలోనే తల్లి చనిపోతుంది. రసవాద విద్య నేర్చిన ఆ పిల్లలు తల్లిని తిరిగి బ్రతికించాలనుకుంటారు. మనిషి దేహంలో ఏమేమి ఉంటాయో లెక్క వేస్తారు. 35 లీటర్ల నీరు, 20 కిలోల బొగ్గు, సున్నం, ఉప్పు, ఇలా అన్నీ తూచి పోస్తారు. తల్లి తిరిగి రాలేదు. పెద్దవాని కాలు పోయింది, చిన్నవాని దేహమంతా పోయింది. అప్పుడు అన్న తన కుడిచేతిని కూడా వదులుకుని, తమ్ముని ఆత్మను ఒక ఇనుప కవచంలో నిలుపుకుంటాడు.

ఈ కథ ఆధారంగా మకోతో ఇనౌయే అనే రచయిత నవలలు కూడా వ్రాశారు. 2003లో వచ్చిన మొదటి నవల ‘ద ల్యాండ్ ఆఫ్ శాండ్’లో మరో అన్నదమ్ముల జంట కనిపిస్తుంది. వారు తమ తండ్రి పరిశోధనను ముగించాలని, ఎడ్వర్డ్, ఆల్ఫోన్స్‌ల పేర్లు పెట్టుకుని ఒక ధనవంతుని ఇంట పరుసవేది కోసం పని చేస్తుంటారు. పోయినవారి మీద ప్రేమతోనే, పరాయి పేరుతో అబద్ధంలో బ్రతుకుతుంటారు.

వీరిని తప్పు పట్టడం తేలిక. మరి మనకు చేతనైతే ఆ పని చేయమా? బిడ్డను పోగొట్టుకున్న ఏ తల్లినైనా అడగండి. ఆ పిల్లల తప్పు ప్రేమలో లేదు. అమ్మ అంటే ఇన్ని కిలోలు, ఇన్ని లీటర్లు అనుకోవడంలో ఉంది. మనిషి సృష్టికర్త పేరు పెట్టి పిలిచిన వ్యక్తి. తూచి పోసి చేయగలిగిన వస్తువు కాదు. మరో సంగతి గమనించండి. మృతురాలిని లాక్కొని రావాలన్నప్పుడు ఆ ప్రేమ అందరినీ గాయపరిచింది. బ్రతికి ఉన్న తమ్ముని కోసం అన్న తన చేతిని ఇచ్చినప్పుడు అదే ప్రేమ త్యాగమయింది.

అయితే మరణాన్ని ఒప్పుకోకపోవడం ఎంత పొరపాటో, దుఃఖాన్ని ఒప్పుకోకపోవడమూ అంతే పొరపాటు. ఇందుకు పునీత బెర్నార్డుగారి జీవితమే సాక్ష్యం. క్లేర్వో మఠాధిపతి అయిన ఆయనకు జెరార్డ్ అనే అన్న ఉండేవాడు. ఒకప్పుడు సైనికుడు. తరువాత అదే మఠంలో చేరి, పొలాలు, కట్టడాలు, వంటశాల, పనివారు, అన్నీ తన నెత్తిన వేసుకుని తమ్మునికి ప్రార్థనకు, బోధనకు తీరిక కల్పించాడు. 1138లో జెరార్డ్ మరణించాడు. మఠవాసులందరూ ఏడుస్తుంటే బెర్నార్డుగారు మాత్రం పొడికళ్లతో నిలబడి, తానే ప్రార్థనలు చెప్పి, తన చేతులతోనే మట్టి వేశారు. తరువాత మామూలుగా పరమగీతం మీద ప్రసంగం మొదలుపెట్టారు. అది ఆ వరుసలో 26వ ప్రసంగం. కొంతదూరం వెళ్లాక గొంతు పెగల్లేదు. వ్యాఖ్యానం ఆపి, అన్న కోసం అందరి ముందు విలపించారు. దేవుని తీర్పును తాను తప్పు పట్టడం లేదని, అన్న దేవుని చెంత ఉన్నాడని తెలిసినా తన నష్టం తనకు నష్టమేనని చెప్పుకున్నారు. ఆ కన్నీటిని ప్రసంగంలో నుంచి ఎవరూ తీసివేయలేదు. తొమ్మిది వందల ఏండ్లు కావస్తున్నా నేటికీ చదువుతున్నారు.

అంతకు పూర్వం మిలాను పీఠాధిపతి పునీత అంబ్రోసుగారికీ ఇదే అనుభవం. 374లో ఆయన పీఠాధిపతి కాగానే అన్న సాటిరస్ తన ఉద్యోగం వదులుకుని తమ్ముని ఇంటి వ్యవహారాలన్నీ చూసుకోవడానికి వచ్చాడు. కుటుంబానికి రావలసిన సొమ్ము కోసం ఆఫ్రికాకు ప్రయాణం చేశాడు. దారిలో ఓడ పగిలినప్పుడు, తాను ఇంకా జ్ఞానస్నానం పొందకపోయినా, దివ్యసత్ప్రసాదాన్ని గుడ్డలో చుట్టి మెడకు కట్టుకుని సముద్రంలో దూకి ఒడ్డు చేరాడు. ఇల్లు చేరిన కొద్దికాలానికే, 378 ప్రాంతంలో, కన్నుమూశాడు. అంత్యక్రియల నాడు అంబ్రోసుగారు కన్నీటితో మాట్లాడారు. ప్రతి ఏడుపూ అవిశ్వాసం వల్ల వచ్చేది కాదని, ప్రభువు కూడా ఏడ్చారని చెప్పారు. ఏడవ దినాన మళ్లీ సమాధి వద్ద నిలబడి పునరుత్థానం గురించి బోధించారు. ఈ వరుసను మరచిపోవద్దు. ముందు కన్నీరు, తరువాత బోధ. మనం చాలాసార్లు కన్నీటికి చోటివ్వకుండానే బోధ మొదలుపెడతాం.

యోహాను సువార్త 11వ అధ్యాయంలో యేసుప్రభువు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చారు. పునీత పౌలుగారు తెస్సలోనికయులకు దుఃఖించవద్దని వ్రాయలేదు. నిరీక్షణ లేనివారివలె దుఃఖించవద్దని వ్రాశారు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. నిరీక్షణ లేని దుఃఖం పోయినవారిని పట్టుకుని ఉన్నవారిని వదిలేస్తుంది. నిరీక్షణ గల దుఃఖం ఏడుస్తూనే ఉన్నవారి చేయి పట్టుకుంటుంది.

బెర్నార్డు, అంబ్రోసుల దుఃఖంలో మరొక పాఠమూ ఉంది. తమ మీద ఎండ పడకుండా ఇన్నాళ్లు ఎవరు నీడగా నిలిచారో మరణం తరువాత వారికి మరింత స్పష్టంగా కనిపించింది. మన ఇళ్లలోనూ ఒకడు చదువుకోవాలని మరొకడు బడి మానేసి పొలానికి వెళ్లిన కుటుంబాలు ఎన్నో. తరువాత జానెడు గట్టు కోసం ఆ ఇద్దరే కోర్టుకు ఎక్కుతారు. పండుగకు కూడా పలకరించుకోరు. చివరకు ఒకరి పెట్టె మీద పడి మరొకరు ఏడుస్తారు. ఆ కన్నీరు అబద్ధమని నేను అనను. కాని గట్టు దగ్గర ఒక మంచి మాటగా అది ముందే రావలసింది.

ఇదంతా ఆ అన్నకు చెప్పాను. తల వంచుకుని విన్నాడు, ఏమీ అనలేదు. నవంబరు 2న సమాధుల పండుగనాడు అతన్ని మళ్లీ చూశాను. తమ్ముని కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని సమాధికి సున్నం వేస్తున్నాడు. వాళ్ల నాన్న చిన్నప్పుడు చింతచెట్టు ఎక్కి దిగలేక ఎలా అరిచాడో చెబుతున్నాడు. పాప నవ్వుతోంది. అతని చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

ఈ వారం మీ అన్నదమ్ములలో మీరు పలకరించి చాలాకాలమైన వారెవరో గుర్తు చేసుకోండి. వారు బ్రతికి ఉంటే ఇంటికి వెళ్లండి. లేకుంటే వారి పిల్లల దగ్గరకు వెళ్లండి. కన్నీరు వస్తే రానివ్వండి.