ముఖాలు మార్చిన ముని

పాల్ ముని అనగానే ఏ ఆశ్రమంలోనో గడ్డం పెంచుకున్న మహానుభావుడు అనుకునేరు! గడ్డాలున్న మాట నిజమేగాని, అవన్నీ వేషాల కోసమే. ఆయన హాలీవుడ్ నటుడు.

కన్నవాళ్లు పెట్టిన పేరు మెషిలెమ్ మేయర్ వైసెన్‌ఫ్రాయిండ్. 1895లో లెంబర్గ్‌లో పుట్టాడు. ఇప్పుడది ఉక్రెయిన్‌లోని ల్వీవ్. తూర్పు యూరపు యూదులు ఇళ్లలో మాట్లాడుకునే యిడ్డిష్ భాషలో అమ్మానాన్నలు ఊరూరా నాటకాలాడేవారు. పసితనంలోనే వాళ్లతో అమెరికా చేరాడు. 12 ఏళ్లకే పండు ముసలివాడి వేషం కట్టాడు. 1926లో బ్రాడ్వే మీద ఇంగ్లీషు నాటకంలో అడుగుపెట్టేదాకా ఆయన పేరు తెచ్చుకున్నది ఆ ఇంటి భాషలోనే. 1929లో సినిమాకి పిలిచినవాళ్లకి ఆ పొడుగాటి పేరు నోరు తిరగలేదు కాబోలు, ముద్దుపేరు 'ముని' ముందు 'పాల్' తగిలించారు.

బతుకు కోసం పేరు మార్చుకోవడం తప్పంటారా? పెళ్లితో ఇంటిపేరు మారిపోయే మనం అంత తొందరగా తీర్పు చెప్పలేం లెండి. వేషమూ అంతే. 1936 నాటి చిత్రంలో శాస్త్రవేత్త పాశ్చర్‌గా నటించి ఆస్కార్ అందుకున్నాడు. ఇంకొకరి కష్టసుఖాల్ని కాసేపు తనవి చేసుకోవడం మోసమెలా అవుతుంది?

కాని 1937లో వచ్చిన ఎమిల్ జోలా చిత్రం సంగతి చూడండి. డ్రేఫస్ అనే ఫ్రెంచి సైనికాధికారిని దేశద్రోహి అని అన్యాయంగా శిక్షిస్తే, రచయిత జోలా అతని కోసం కలం పట్టిన కథ. యూదుడు కనకే డ్రేఫస్ మీద నింద అంత తేలిగ్గా అతుక్కుంది. ఐతే సినిమాలో ఆ 'యూదుడు' అన్న మాట ఎవరి నోటా రాదు! కాగితం మీద క్షణకాలం కనిపిస్తుందంతే. జోలా వేషంలో ఉన్నవాడేమో సాక్షాత్తూ యూదుడు. ఆ చిత్రానికే ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది.

అదే ఏడాది 'ది గుడ్ ఎర్త్'లో ముని చైనా రైతయ్యాడు. రైతు భార్య పాత్ర కోసం చైనా సంతతి నటి అన్నా మే వాంగ్ ఎంతో ఆశపడింది. హీరో తెల్లవాడు కనక, జాతులు కలిసిన దాంపత్యం తెరమీద కూడదన్న ఆనాటి నియమం అడ్డొచ్చింది. వేషం జర్మనీలో పుట్టిన నటికి దక్కింది. సొంత ముఖం దాచుకోగలవాడికి లోకంలోని పాత్రలన్నీ దొరికాయి, దాచుకోలేని ఆవిడకి తన జాతి పాత్రే దొరకలేదు!

యూరపులో యూదుల మారణకాండ జరిగాక, 1946లో ముని మళ్లీ బ్రాడ్వే మీద నిలబడ్డాడు. ఈసారి 'ఎ ఫ్లాగ్ ఈజ్ బార్న్' నాటకంలో, ఆ మారణకాండ నుంచి బయటపడ్డ ముసలి యూదుడిగా. అన్ని ముఖాలు తొడిగినవాడు చివరికి తనవాళ్ల ముఖం తొడిగాడు.

ముఖం మార్చడం కళే. అయితే అది ఇష్టపడి మార్చుకున్నదై ఉండాలి. మార్చుకుంటేగాని చోటివ్వమంటే, ఆ తప్పు చోటిచ్చేవాళ్లది. మనింటికి కొత్తగా వచ్చిన పిల్లని "ఇక మాలాగే ఉండు" అనేముందు, ఆ పిల్ల ఇన్నాళ్లూ ఎలా ఉండేదో ఒక్కసారి అడిగితే ఏం పోతుంది చెప్పండి?