సంకల్పము – సహవాసము

పొగ త్రాగుట మానదలచినవాడు మిత్రుల సాయము కోరుట మనోదౌర్బల్యమా? ఇది విచారింపదగిన ప్రశ్న.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో మొదటి చుట్టనో, బీడీనో చేతికిచ్చునది తరచుగా స్నేహితుడే. సావాసముతో అంటినదానిని సావాసముతోనే వదలించుకొనుట న్యాయము కాదా? అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 1971 నుండి 2003 వరకు 12,067 మందిని పరిశీలించి, 2008లో ప్రకటించిన పరిశోధన కూడ ఈ భావమునే బలపరచినది. మిత్రుడొకడు మానినచో రెండవవాడు పొగ త్రాగు అవకాశము 36 శాతము తగ్గినదట!

పొగ కొరకు మనస్సు తీవ్రముగా పీడించునది కొలది నిమిషములే. తెనాలి స్టేషనులో రేపల్లె రైలుకై వేచియున్నవేళ ప్రక్కనున్న మిత్రుడు ఆ కొలది నిమిషములు మాటలలో పెట్టిన చాలును, గండము గడచును.

అయితే మిత్రునిపై ఆధారపడిన నియమము, అతడు లేనినాడు నిలుచునా? నిలువవలెనన్న సంకల్పము తనదిగా నుండవలెను. మిత్రుడు కాపు మాత్రమే. 12వ శతాబ్దిలో కల్యాణమున శరణులు తమ అనుభవములను నలుగురిలో విప్పి చెప్పుకొనిరి. అది వారి బలహీనత కాదు, సాధనయే.

కాలు జారినవానిని ఎత్తిపొడువక, మరునాడు మరల ఆప్యాయముగా అడుగుట మిత్రధర్మము. దాచక చెప్పుట వానికి ప్రతిధర్మము. సోదరులారా! ఇద్దరు ముగ్గురు కలిసి నేడే నిశ్చయించుకొనుడు.